మీ అచ్చుతప్పులే మీ సాక్షులు

ప్రశ్న: పరకాల దగ్గరి ఊరు మాది. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా చుట్టుపక్కల చెరువుల కోసం ఆరేళ్లు తిరిగి, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటివాళ్లతో మాట్లాడి 2014లో ఒక పుస్తకం వేశాను. 112 పేజీలు, 500 కాపీలు, ఖర్చంతా నాదే. హడావుడిగా వేయించడం వల్ల అచ్చుతప్పులు విపరీతంగా పడ్డాయి, అది నా దురదృష్టం. పోయిన నెల హైదరాబాదు ప్రచురణకర్త ఒకరు వేసిన చెరువుల పుస్తకం చూశాను. రాసినాయన కాలేజీ లెక్చరర్, నాకు తెలిసినవాడే. నా పుస్తకం ఆవిష్కరణకు వచ్చి వేదిక మీద మాట్లాడాడు కూడా. మా ప్రాంతం మీద ఆయన రాసిన అధ్యాయం చదువుతుంటే నేనే మాట్లాడుతున్నట్టు ఉంది. ఫొటోల్లో రెండు నావే. చివర ఉపయుక్త గ్రంథాల పట్టికలో నా పుస్తకం పేరు ఉంది, లోపల మాత్రం ఎక్కడా లేదు. మా తమ్ముడి కొడుకేమో "ఫేస్‌బుక్‌లో పెట్టేద్దాం పెద్దబాపూ" అంటున్నాడు. నేను కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదు, ఐఎస్‌బీఎన్ కూడా లేదు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మచ్చుకు నా పుస్తకంలో నాలుగు పేజీలు జిరాక్సు తీసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు:

సార్, నమస్తే. మీరు దురదృష్టం అని రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్లకు పైగా హనుమకొండలో ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి, అచ్చుతప్పు మంచిదని ఎన్నడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను. ఈ వ్యవహారంలో మీ తరఫున గట్టిగా సాక్ష్యం చెప్పగలిగినవి అవే.

మీరు మీ పేజీలే పంపారు, ఆయనవి పంపలేదు. కాబట్టి ఆయన ఎత్తుకున్నాడో లేదో నేను చెప్పలేను. తేల్చుకునే దారి మాత్రం చెబుతాను.

ఈ రెండు రోజులూ ఆయన పుస్తకం ముట్టుకోకండి. మీ పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని, మీ తప్పులన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించండి. అక్షరం తప్పులే కాదు. మత్తడి, అదే చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు, పడమటి దిక్కున ఉంటే తూర్పు అని పడిందా? మూడు తూముల చెరువుకు రెండే రాశారా? ఒక నీరటి తాత ఇంటిపేరు డీటీపీ అబ్బాయి మార్చేశాడా? ఎకరాల్లో ఉండాల్సిన శిఖం భూమి (చెరువు అడుగు భూమి) గుంటల్లోకి దిగిందా? ఏదైనా ఊరి పేరు మీ ఇంట్లోవాళ్లు పలికే తీరులో రాశారా, రికార్డుల్లో ఇంకోలా ఉందా? ఒక వాక్యం సగంలో ఎగిరిపోయి అర్థం లేకుండా మిగిలిందా? అన్నీ రాసుకున్నాకే ఆయన అధ్యాయం తీయండి. ఒక్కో తప్పునూ అందులో వెతకండి.

పేపర్లు దిద్దినవారు మీరు, మీకు నేను చెప్పేదేముంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు అని రాస్తే ఇద్దరికీ మార్కు వేస్తారు. ఇద్దరూ ప్రతాపరుద్రుడు అని రాస్తే రెండు పేపర్లూ దగ్గర పెట్టుకుని చూస్తారు. ఇద్దరూ ప్రతాపరుద్రుడిలో రావత్తు కూడా ఎగ్గొడితే, ఆ గదికి ఇన్విజిలేటర్ ఎవరో కనుక్కుంటారు. నిజం ఎవరికైనా దొరుకుతుంది. చెరువు కట్ట మీద నిలబడ్డ ప్రతివాడికీ మత్తడి ఒకే దిక్కున కనబడుతుంది. కట్ట ఎక్కకుండా మీ పేజీ చూసి రాసినవాడికే అది మీరు తప్పుగా రాసిన దిక్కున కనబడుతుంది.

ఇలాంటివి నాలుగైదు దొరికితే మీది ఇక ఉత్త అనుమానం కాదు. ఒక్కటే దొరికితే తొందరపడకండి. ఆ తప్పు మీకన్నా ముందే ఏ ఇరిగేషన్ జాబితాలోనో, పాత గెజెటీర్‌లోనో ఉండి, మీరిద్దరూ అక్కడి నుంచే తెచ్చుకుని ఉండొచ్చు.

ఈ కిటుకు కొత్తదేం కాదు. పటాలు గీసేవాళ్లు, నిఘంటువులు వేసేవాళ్లు కొందరు కావాలనే లేని వీధినో లేని మాటనో ఇరికించి పెడతారు, ఎత్తుకున్నవాడు దొరుకుతాడని. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీలో లేని మనుషుల పేర్లు చేర్చింది. ఇంకో కంపెనీ వేసిన డైరెక్టరీలో ఆ ఉత్తుత్తి పేర్లు నాలుగు తేలాయి. దొంగ దొరికిపోయాడు కదా అనుకుంటాం. కానీ 1991లో అక్కడి సుప్రీంకోర్టు రెండో కంపెనీనే గెలిపించింది. తీసుకున్న మాట నిజమే గాని, ఊళ్లోవాళ్ల పేర్లూ నంబర్లూ అక్షరక్రమంలో పేర్చినంత మాత్రాన అవి నీ సొత్తు అయిపోవు అంది. ఈ కథ రెండో సగం మీకు ఇంకా ముఖ్యం. మీ తప్పులు ఆయన పుస్తకంలో దొరికితే మీది చూసి రాశాడని తేలుతుంది. చూసి రాసినది మీ సొత్తా కాదా అన్నది వేరే లెక్క.

ఆ లెక్కలో మీకు నచ్చనిదే ముందు చెబుతాను. వేయి స్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప గుడి శాసనం 1213 నాటిది అన్న మాటలు ఎవరి సొత్తూ కావు. ఫలానా చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్లు ఫలానా చెరువులోకి పోతాయన్నది, ఎంత ఆయకట్టు, ఎన్ని తూములు అన్నది, మీరు ఆరేళ్లు ఎండలో తిరిగి రాసినా మీవి కావు. మన సుప్రీంకోర్టు 1978లోనే, ఒక నాటకానికీ సినిమాకూ మధ్య వచ్చిన తగాదాలో, ఊహకూ ఇతివృత్తానికీ చరిత్ర విషయాలకూ కాపీరైట్ ఉండదు, చెప్పిన తీరుకే ఉంటుంది అని తేల్చింది. కష్టపడ్డాం అన్నది కూడా ఒక్కటే చాలదు. రాసినవాడి నేర్పూ విచక్షణా కొంతైనా కనబడాలని 2007లో లా రిపోర్టుల (కోర్టు తీర్పుల సంకలనాల) కేసులో అదే కోర్టు చెప్పింది. అందుకని "చెరువుల మీద రాయాలన్న ఆలోచన ముందు నాకు వచ్చింది" అన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా రానివ్వకండి. అది మనసులో మాట, వాదన కాదు.

మరి మీవి ఏవి? వాక్యాలు మీవి. మీ రెండో జిరాక్సు పేజీలో నీరటి తాత వాన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట పొడుగునా గండి కోసం వెతికిన సంగతి ఉంది. ఆ సంగతి తాతది, దాన్ని చెప్పిన ఆ పేరా మీది. బాగుంది కూడా, తడి గోచీ దగ్గర ఆపేయడం నాకు నచ్చింది. ఏ ముచ్చట తర్వాత ఏ ముచ్చట పెట్టాలో మీరు ఎంచుకున్న వరస మీది. చుట్టుపక్కల ఉన్న చెరువుల్లో కొన్నిటినే తీసుకుని, వాటిని ఊరి పేర్ల క్రమంలో కాక నీళ్లు పారే క్రమంలో చెప్పి ఉంటే ఆ ఎంపిక మీది. అవే చెరువులు అదే క్రమంలో ఆయన దగ్గర ఉన్నాయా చూడండి.

ఫొటోల సంగతి ఇంకా తేలిక. మీరు తీసినవైతే హక్కు మీది. స్టూడియో అతనికి డబ్బులిచ్చి తీయించినా, వేరే ఒప్పందమేదీ లేకపోతే, చట్టం ప్రకారం తీయించుకున్నవారిదే హక్కు. ఎవరో మిత్రుడు ఊరికే తీసిచ్చినవైతే మాత్రం అవి ఆ మిత్రుడివి, ఫిర్యాదు మీద అతని చేత కూడా సంతకం పెట్టించాలి. ఒకే వాక్యం ఇద్దరికి తట్టిందంటే నమ్మేవాళ్లు ఉంటారు. ఒకే గేదె రెండు ఫొటోల్లో ఒకే చోట తోక పైకెత్తిందంటే ఎవరూ నమ్మరు.

"పది లైన్ల లోపైతే ఫర్వాలేదు", "ముప్పై శాతం మారిస్తే కేసు ఉండదు" అని మన దగ్గర చాలామంది అంటుంటారు. చట్టంలో అలాంటి కొలత ఎక్కడా లేదు. విమర్శకో సమీక్షకో పరిశోధనకో న్యాయంగా వాడుకోవచ్చు అని మాత్రమే ఉంది. ఎంత తీసుకున్నాడు, ఎందుకు తీసుకున్నాడు, తీసుకున్నది మీ పుస్తకానికి గుండెకాయా లేక అంచు ముక్కా అని చూస్తారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గయినదే.

చాలా ఏళ్ల కిందట ఓరుగల్లు కోట తోరణాల మీద ఒక వ్యాసం రాశాను. రెండేళ్లకు ఒకాయన చిన్న పుస్తకం వేశాడు. అందులో నా వ్యాసంలోని ఐదు వాక్యాలు ఉన్నాయి, కామాలతో సహా. ఒళ్లు మండింది. ఒక సాహిత్య సభలో, ఆయన ముందు వరసలో కూర్చుని ఉండగా, మైకులో అనేశాను. పేరు తీయలేదు, తీయనక్కర్లేకపోయింది, అందరూ ఆయన వైపే చూశారు. ఆయన ఏమీ అనలేదు. వారం తర్వాత మా ఇంటికి వచ్చి, ఒక పాత పుస్తకం బల్ల మీద పెట్టి, పేజీ తెరిచి చూపించి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ ఐదు వాక్యాలూ అక్కడున్నాయి. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి నేను పుట్టలేదు.

జరిగింది ఇది. డిగ్రీ చదివే రోజుల్లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లైబ్రరీలో కూర్చుని ఆ పుస్తకం నుంచి నోట్సు రాసుకున్నాను. ఎందులోంచి రాశానో రాసుకోలేదు. ఏళ్లు గడిచాక, నా దస్తూరీలో ఉన్నవి నా వాక్యాలే అనుకుని వ్యాసంలో పెట్టేశాను. ఆయన కూడా అక్కడి నుంచే తీసుకున్నాడు, కాకపోతే పేజీ కింద ఆ పుస్తకం పేరు ఇచ్చాడు. అది నేను చదవలేదు, కోపంలో ఉన్నాను కదా. తర్వాతి సభలో అదే మైకులో క్షమాపణ చెప్పాను. ఆ రోజు జనం తక్కువ. మొదటి మాట విన్నవాళ్లలో చాలామందికి రెండో మాట ఇప్పటికీ తెలియదు.

అందుకని మీ పాత నోటుబుక్కులు కూడా దించండి. మీరూ ఆయనా కలిసి మూడో పుస్తకానికి బాకీ ఉన్నారేమో చూడండి. లేరని తేలితే మీ మాటకు బలం వస్తుంది, నోట్సే ఇంకో సాక్ష్యం అవుతుంది.

ఉపయుక్త గ్రంథాల పట్టికలో మీ పేరు ఉండడం మీకు మేలే చేస్తుంది. మీ పుస్తకం తాను చూశానని ఆయనే రాసిచ్చినట్టు. ఆవిష్కరణ ఫొటో ఉంటే ఇంకా మంచిది. కానీ ఆయన కూడా దాన్నే చూపించి "నేను దాచలేదు కదా" అంటాడు. అప్పిచ్చినవాడి చిరునామా రాసిపెట్టుకుంటే అప్పు తీరినట్టు కాదు. ఎక్కడ తీసుకున్నాడో అక్కడ, ఆ పేజీలో, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి మీ పేరు చెప్పాలి.

చాలామంది రెండు వేర్వేరు తప్పుల్ని కలిపేస్తారు. బమ్మెర పోతన పద్యాలకు కాపీరైట్ లేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కింద తన పేరు వేసుకుంటే అది గ్రంథచౌర్యం. మీ పుస్తకం మొత్తాన్ని మీ పేరుతోనే, మిమ్మల్ని అడక్కుండా ఎవరైనా అచ్చేసి అమ్మితే అది గ్రంథచౌర్యం కాదు, కాపీరైట్ ఉల్లంఘన. మీ విషయంలో రెండూ జరిగి ఉండొచ్చు, ఒకటే జరిగి ఉండొచ్చు. మొదటిది పరువుకు సంబంధించింది, రెండోది చట్టానికి. అయితే 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఒకటి ఉంది. ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు, కాపీరైట్ ఇంకొకరికి అమ్మేసినా, రచయితకే ఉంటుంది అంటుంది.

రిజిస్టర్ చేయించలేదని బాధపడకండి. రాసినప్పుడే హక్కు పుడుతుంది, మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే ఇప్పుడైనా చేయించుకోవచ్చు, సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాల అమ్మకానికీ లైబ్రరీలకూ పనికొచ్చే నంబరు, మన దేశంలో ఉచితంగా ఇస్తారు, హక్కుతో దానికి సంబంధం లేదు.

మీకు నిజంగా కావాల్సింది తేదీ. మీ పుస్తకం 2014లో ఉందని మీరు కాక ఇంకొకరు చెప్పాలి. ప్రెస్సు బిల్లు ఉందా? ఆవిష్కరణ వార్త పేపరు కటింగు ఉందా? అప్పట్లో జిల్లా కేంద్ర గ్రంథాలయానికో భాషానిలయానికో కాపీ ఇచ్చారా? ఇచ్చి ఉంటే వచ్చిన పుస్తకాలు ఎక్కించే వాళ్ల యాక్సెషన్ రిజిస్టరులో నంబరూ తేదీ పడి ఉంటాయి. మీతో చుట్టరికం లేని చేతి రాతలో ఉన్న ఆ ఒక్క లైను మీరు చెప్పే పది మాటల కన్నా గట్టిది. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. సొంతంగా వేసుకునేవాళ్లలో చాలామంది పంపరు, మీరు పంపి ఉంటే అదీ పనికొస్తుంది. డీటీపీ చేసిన అబ్బాయిని పట్టుకుని పేజ్‌మేకర్ ఫైలు ఇంకా ఉందేమో అడగండి. ఉంటే తెరవకుండా అలాగే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమనండి, తెరిచి సేవ్ చేస్తే ఫైలు మీద తేదీ మారిపోతుంది.

మీ తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో వేసి చూద్దాం అంటాడేమో. మీ పుస్తకం 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో చేసి ఉంటారు. ఆ ఫైలు లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు, అందుకని ఏ వెతుకులాటకూ అందదు. ఆ పైన మీ పుస్తకం నెట్‌లో ఎప్పుడూ లేదు, లేనిదాంతో సాఫ్ట్‌వేర్ దేన్ని పోలుస్తుంది? కళ్లే దిక్కు. ఆయన పుస్తకం ఒక కాపీ బిల్లుతో కొనండి. దానికి డబ్బులు పెట్టాలంటే మనసొప్పదు, అయినా కొనండి. పొడుగాటి కాగితాన్ని మధ్యకు గీత గీసి, ఎడమవైపు మీ వాక్యం, కుడివైపు ఆయన వాక్యం, పేజీ నంబర్లతో ఎక్కించండి. కలిసినవే కాదు, ఆయన మార్చిన చోట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయండి. అయ్యాక ఎవరిది ముందో చెప్పకుండా ఇద్దరికి చూపించండి. ఒకరు మీకు తెలిసినవాళ్లయినా ఫర్వాలేదు, ఇంకొకరు మాత్రం మీ ఊరివాడూ మీ స్టూడెంటూ కాకూడదు.

ఆయన లెక్చరర్ అన్నారు. ఆ పుస్తకం ఆయన పీహెచ్‌డీ థీసిస్ నుంచి వచ్చిందేమో ముందుమాటలో చూడండి. అయితే దారి మారుతుంది. థీసిస్‌లు చాలావరకు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. 2018లో యూనివర్సిటీలను చూసే యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. థీసిస్‌లో 10 నుంచి 40 శాతం దాకా తేలితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది వరకు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. డిగ్రీ వచ్చేశాక బయటపడితే విచారణ చేసి దాన్ని నిలిపి ఉంచవచ్చు. ఫిర్యాదు యూనివర్సిటీకి చేయాలి, పట్టిక జతచేసి. లాయరు అక్కర్లేదు, ఖర్చు లేదు. కాకపోతే ఒక మనిషి ఉద్యోగం దాకా వెళ్లే విషయం, మత్తడి దిక్కు రెండుసార్లు చూసుకున్నాకే ఆ కాగితం మీద సంతకం పెట్టండి.

ఇక ఫేస్‌బుక్. వద్దని చెప్పండి. పిల్లవాడి కోపం మీ మీద ప్రేమతోనే, అది నాకు అర్థమవుతుంది. కానీ పోస్టు పెట్టిన సాయంత్రానికి అది మీ పుస్తకం గొడవగా మిగలదు. మీరు ఏ సంఘం, ఆయన ఏ సంఘం, ఎవరి కులం ఏది, ఎవరికి ఏ అవార్డు రాలేదు అన్న గొడవ అవుతుంది. మత్తడి ఏ దిక్కున ఉందో ఒక్కడూ అడగడు. పైగా భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా శిక్ష ఉంది. మీరు చెప్పింది నిజమై, అది ప్రజల మేలు కోసం చెప్పినదైతే రక్షణ ఉంటుంది, కాని ఆ సంగతి మీరు కోర్టులో నిరూపించుకోవాలి. కోపంలో రాసిన నాలుగు లైన్ల కోసం ఫిర్యాదు చేయాల్సిన మీరే ముద్దాయిగా నిలబడాల్సి వస్తుంది.

ముందు ఆయనకే ఉత్తరం రాయండి. ఫోను వద్దు, ఫోనులో మీరిద్దరూ పాత పరిచయస్తులు, మాట పెరుగుతుంది, లేకపోతే చల్లబడిపోతుంది. సీదా ప్రచురణకర్తకే రాయమని కొందరు చెబుతారు, ముందే తెలిస్తే ఆయన జాగ్రత్తపడతాడని. ఏం జాగ్రత్తపడతాడు? అచ్చయిన పుస్తకాన్ని మార్చలేడు కదా. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"మీ పుస్తకంలో మా ప్రాంతం చెరువుల మీద ఉన్న అధ్యాయం చాలా చోట్ల 2014లో అచ్చయిన నా పుస్తకంతో మాటకు మాట కలుస్తోంది. రెండింటినీ పక్కపక్కన చూపే పట్టిక జతచేశాను. నా పుస్తకంలో పడిన పొరపాట్లు కొన్ని అందులోనూ అలాగే ఉన్నాయి. రెండు ఫొటోలు నావి. వీటిని ఎక్కడి నుంచి తీసుకున్నారో తెలియజేయగలరు. పదిహేను రోజుల్లో మీ జవాబు కోసం చూస్తాను."

అంతే. దొంగ అన్న మాట లేదు, కోర్టు అన్న మాట లేదు. రెండోదానికి కారణం ఉంది. ఆధారం లేకుండా కేసు వేస్తానని బెదిరిస్తే, బెదిరింపు అందుకున్నవాడే కోర్టుకు వెళ్లి దాన్ని ఆపించుకోవచ్చు, కాపీరైట్ చట్టంలోని 60వ సెక్షన్ అది. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, అవే కాగితాలు ప్రచురణకర్తకు పంపండి. ప్రచురణకర్తలు ఇలాంటివి తేలిగ్గా తీసుకోరు, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఇది నా సొంత రచనే అని రచయిత చేత సంతకం పెట్టించుకుని ఉంటారు.

పోస్టు చేసేముందు మీకేం కావాలో తేల్చుకోండి. డబ్బా? పుస్తకం బజారు నుంచి తీసేయడమా? మిగిలిన కాపీల్లో ఒక చీటీ అంటించి, తర్వాతి ముద్రణలో పేజీ కింద మీ పేరు వేయడమా? ఆయన నోటితో ఒక్క మాటా? నేనైతే చీటీకీ, ఫొటోల కింద పేరుకూ, తర్వాతి ముద్రణలో సవరణకూ ఒప్పుకుంటాను. అది నా స్వభావం, మీరూ అలాగే సర్దుకోవాలని లేదు. కోర్టుకు పోవాలనుకుంటే హైదరాబాదు పోనక్కర్లేదు, మీరు ఉండే జిల్లా కోర్టులోనే వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది. అమ్మకం ఆపమని, నష్టపరిహారం ఇప్పించమని అడగొచ్చు. నష్టపరిహారానికి గడువు మూడేళ్లు, కాబట్టి ఆయన పుస్తకం ఏ నెలలో వచ్చిందో లోపలి పేజీలో చూసి రాసుకోండి. క్రిమినల్ కేసుకూ వీలుంది, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష. 500 కాపీల పుస్తకం కోసం ఆ దారి తొక్కమని నేను మాత్రం అనను. ఏదైనా ముందు ఒక లాయరుకు ఆ పట్టిక చూపించండి, కథ చెప్పకండి, పట్టిక చూపించండి.

చివరగా, మీ జిరాక్సు పేజీల గురించి ఒక మాట. "మా ప్రాంతపు నీరటి ఒకరు చెప్పగా" అని నాలుగు పేజీల్లో మూడు చోట్ల ఉంది. లాంతరు తాతకు కూడా పేరు లేదు. పేరు వేయలేదనే కదా సార్, మీకూ నిద్ర పట్టనిది.

దెప్పడానికి అనడం లేదు, పనికొచ్చే సంగతే. వాళ్లలో ఇప్పుడు ఎవరెవరు ఉన్నారో కనుక్కోండి. ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, ఈ లెక్చరర్ సార్ ఎప్పుడైనా వచ్చి మాట్లాడాడా అని అడగండి. వచ్చి ఉంటే, వాళ్లు మీకు చెప్పినట్టే ఆయనకూ చెప్పి ఉంటారు, మీ పట్టికలో సగం కొట్టేయాల్సి వస్తుంది. రాలేదంటే, ఆ మాట రాయించి వేలిముద్రో సంతకమో తీసుకోండి. ఈసారి పేర్లు కూడా రాసుకోండి.